మన బడి కంప్యూటర్లు: కొత్తవి కొందామా, ఉన్నవి బాగుచేద్దామా?

(స్వర్ణోత్సవ సమ్మేళనం రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన 'నిత్యజీవితంలో టెక్నాలజీ' అని వేశారు. అంత పెద్ద అంశం మోసే శక్తి నాకు లేదు. నేను జనగామలో కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ని. అంతకుముందు కొన్నేళ్లు మానుకోటలో, కొన్నేళ్లు భూపాలపల్లిలో ఇదే పని చేశాను. అప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి, 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి. నాకు వాటి తేడా దుమ్ములో తెలుస్తుంది. జనగామ మార్కెట్ దగ్గరి షాపుల్లో సీపీయూ మూత తీస్తే ఫ్యానుకు పత్తి పోగులు చుట్టుకుని ఉంటాయి. మానుకోటలో మిర్చి సీజన్‌లో మూత తీస్తే ముందు మనం తుమ్మాలి. భూపాలపల్లిలో తీస్తే చేతులు నల్లగా అవుతాయి, బొగ్గు. ఏ ఊళ్లోనైనా వచ్చిన మనిషి మాత్రం ఒకటే మాట అంటాడు: "అన్నా, ఇది పాతదైంది, స్లో అయింది, కొత్తది కొనాల్నా?"

ఇప్పుడు మన కమిటీ ముందున్న ప్రశ్న కూడా ఇదే. స్వర్ణోత్సవ నిధిలోంచి ల్యాబ్‌కు పది కొత్త కంప్యూటర్లు కొందామని ఒక ప్రతిపాదన ఉంది. ఇచ్చేవాళ్లది మంచి మనసు, అందులో అనుమానం లేదు. అయితే కొనే ముందు ఉన్నవాటి మూత తీసి చూద్దామని నేను అడిగాను. హెడ్మాస్టర్ గారి అనుమతితో పోయిన నెల రెండు ఆదివారాలు కూర్చుని చూశాం. ల్యాబ్‌లో పది డెస్క్‌టాప్‌లున్నాయి. ఇంటెల్ ఐ3, ఆరో తరానివి. అన్నీ 'చెడిపోయినవి' అని రిజిస్టర్‌లో రాసి ఉంది.

మూడింటిలో చెడిపోయింది నాణెమంత బ్యాటరీ. మదర్‌బోర్డు మీద గుండ్రంగా ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కంప్యూటర్ ప్రతిసారీ ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. తేదీ తప్పుంటే బ్రౌజర్ 'ఈ సైటు సురక్షితం కాదు' అని ఆపేస్తుంది. మనం నెట్ పోయిందంటాం. నెట్ వాడు వచ్చి వైరు చూసి పోతాడు. పాపం, కిరాణా షాపులో కూడా దొరికే బ్యాటరీ అది.

రెండింటిలో ర్యామ్ వదులైంది. తీసి, రబ్బరుతో కాళ్లు తుడిచి పెడితే లేచాయి. ఒకదాంట్లో పవర్ సప్లై కాలిపోయింది, మార్చాలి. మరో మూడింటికి నెమ్మదితనం తప్ప ఏ జబ్బూ లేదు. ఒకదాని మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కారాయి. దాన్ని మాత్రం వదిలేయాల్సిందే. అది కూడా మిగతా తొమ్మిదింటికి విడిభాగాలిచ్చి పోతుంది. పదింట్లో తొమ్మిది బతికే ఉన్నాయన్నమాట.

మరి నెమ్మదితనం ఎందుకు? లోపల పాత హార్డ్ డిస్క్ ఉంది. అందులో పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. ఒక చిన్న ముల్లు వాటి మీద అటూ ఇటూ జరిగి చదువుతుంది. మండలాఫీసులో ఒక కాగితం అడిగితే అటెండర్ రికార్డు గదికి వెళ్లి వెతికి తెచ్చినట్టు. ఒకటడిగితే పర్వాలేదు, విండోస్ లేచేటప్పుడు కొన్ని వేలు అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, కాగితాలన్నీ బల్ల మీదే ఉన్నట్టు. పాత కంప్యూటర్‌కు మనం చేయగల మేలు ఇంతకంటే ఇంకోటి లేదని నా అనుభవం. ప్రాసెసర్ మార్చినా అంత తేడా కనిపించదు.

ప్రాసెసర్ మాట వచ్చింది కాబట్టి పిల్లలకు లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులకు ఒక ముక్క. "పిల్లగానికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, ఐ7 ఇప్పియ్యి" అంటారు. ఐ7 అనేది కులం పేరు లాంటిది, దాంతో మనిషి సంగతి తెలియదు. వెనకనున్న అంకె చూడాలి. ఐ7 4600 అంటే నాలుగో తరం, 2013 నాటిది. ఐ3 1215 అంటే పన్నెండో తరం, 2022 నాటిది. ఈ ఐ3 ఆ ఐ7ను మించిపోతుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఐ7 స్టిక్కర్ చూపించి అమ్మేది ఎక్కువగా ఆ పాత తరాలే. సెకండ్ హ్యాండ్ వద్దని కాదు. కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు గట్టిగా ఉంటాయి, చాలావాటికి వెనక మూత విప్పితే ర్యామ్, డిస్క్ మార్చుకోవచ్చు. కొత్తగా వచ్చే పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్న రోజు 8 జీబీ ఉంటే చచ్చేదాకా 8 జీబీనే. బడికి నేను డెస్క్‌టాప్‌లే కావాలనడానికి కారణం అదే, నాలుగు స్క్రూలతో తెరుచుకుంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తర్వాత విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు కావాలి. మన యంత్రాలు ఆరో తరానివి. అంటే ఇనుము బాగానే ఉంది, పైనున్న సాఫ్ట్‌వేర్ మాత్రం 'నీ వయసు మీరింది' అంటోంది. ఆ మాట కంపెనీ అనొచ్చు, దాని వ్యాపారం దానిది. మనం ఎందుకు ఒప్పుకోవాలి?

'క్రాక్ వేయించుకుంటే సరి, అయిదు వందలు' అని వెనక ఎవరో అంటున్నారు, వినిపించింది. ఈ పని మన మూడు ఊళ్లలోనూ బహిరంగంగానే జరుగుతుంది. ఆ క్రాక్ ప్రోగ్రామ్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతుంది. ఇంటి తాళం బాగుచేస్తానని వచ్చినవాడు ముందు కుక్కను కట్టేయమన్నట్టు. తర్వాత ఆ కంప్యూటర్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. అదొక్కటే కాదు, యాభై ఏళ్ల పండుగకు బడికి దొంగ సరుకు కానుకగా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

అందుకే లైనక్స్ వేద్దామంటున్నాను. పేరు వినగానే 'అది ఇంజినీర్లకు' అనే అభిప్రాయం ఒకటుంది. ఈ సభలో ఎంతమంది జేబుల్లో ఆండ్రాయిడ్ ఫోనుందో అందరూ లైనక్స్ వాడుతున్నట్టే, ఆండ్రాయిడ్ లోపలున్న కెర్నల్ అదే. మీ పెళ్లి వీడియో చూసే వీఎల్‌సీ ప్లేయర్ కూడా ఆ జాతిదే, పారిస్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. లైనక్స్ కెర్నల్‌ను 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి రాత చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, ఇదీ ఆయన పెట్టిన షరతు.

మన రైతులకు ఇది విత్తనం భాషలో చెబితే తేలిక. ఇంటి విత్తనం దాచుకుంటాం, పక్క చేనాయనకు నాలుగు శేర్లు ఇస్తాం, అతను తన నేలకు తగ్గట్టు ఏరుకుంటాడు. పత్తి ప్యాకెట్ అయితే ఏటా కొనాలి, లోపలేముందో కంపెనీకే తెలుసు. అలాగని ప్యాకెట్ కొనే రైతు తెలివితక్కువవాడు కాదు. దిగుబడి చూసే కొంటాడు. సాఫ్ట్‌వేర్‌లో కూడా డబ్బులిచ్చి కొనాల్సినవి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. బడి అనేది నారుమడి, అక్కడ ఇంటి విత్తనం ఉండాలన్నదే నా వాదన.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలైంది. కొన్నేళ్లలోనే ప్రభుత్వ బడులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. 2017లో ఆ పథకమే కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది, లైనక్స్‌ను బడి పిల్లల కోసం వాళ్లే తయారుచేసుకుని వాడుతున్నారు. లైసెన్సుల మీద ఎంత మిగిలిందన్నది అందరూ చెప్పుకుంటారు. నాకు నచ్చింది ఇంకోటి. వాళ్లు టీచర్లకే శిక్షణ ఇచ్చారు. లెక్కల సారుకు, బయాలజీ టీచరమ్మకు ల్యాబ్ అప్పగించారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి, గుర్తుండే ఉంటుంది. ఒక సీపీయూకు కొన్ని మానిటర్లు కలిపిన ఏర్పాటు. కంపెనీలు అయిదేళ్లు నడిపి అప్పగించాలని ఒప్పందం. అప్పుడు బడికి వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు తక్కువ జీతానికి బాగానే చెప్పారు. గడువు తీరింది, వాళ్లు పోయారు. ఒక సీపీయూ ఆగితే దానికి కట్టిన తెరలన్నీ ఆరిపోయేవి, ఎందుకు ఆగిందో చూసే మనిషి బడిలో లేడు. ల్యాబ్ గదికి తాళం పడింది. ఇప్పుడున్న పది కంప్యూటర్లు తర్వాత ఒక బ్యాచ్ వాళ్లు ఇచ్చినవి. వాటికీ అదే అయింది. ఇంకో పది కొంటే వాటికి మాత్రం ఇంకోలా ఎందుకవుతుంది?

'పిల్లలకు రేపు ఉద్యోగంలో విండోస్, ఎక్సెల్ అడుగుతారు కదా' అని వాట్సప్ గ్రూపులో ఒక మిత్రుడు రాశాడు. న్యాయమైన ప్రశ్న. ఎనిమిదో తరగతి అమ్మాయి ఉద్యోగంలో చేరేది ఎనిమిది పదేళ్ల తర్వాత. అప్పటి విండోస్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పాత టైప్ ఇన్‌స్టిట్యూట్లు గుర్తు తెచ్చుకోండి. లోయర్, హయ్యర్ నేర్చుకున్నవాళ్లు ఏ కంపెనీ మిషన్ ముందు కూర్చోబెట్టినా కొట్టారు, ఎందుకంటే వాళ్లు నేర్చుకున్నది వేళ్లకు. లిబ్రే ఆఫీస్‌లో పట్టిక వేసి సగటు కట్టిన పిల్ల ఎక్సెల్‌లో వారం రోజుల్లో కడుతుంది.

లైనక్స్‌తో ఇబ్బందుల్లేవని అంటే అబద్ధమవుతుంది. మన ఆఫీసులన్నిటిలో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్ ఒకటుంది, దాన్ని లైనక్స్‌లో నడపడానికి నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లు చాలావరకు విండోస్‌నే అడుగుతాయి. షాపుల లెక్కలకు ట్యాలీ వాడేవాళ్లు ట్యాలీలోనే ఉండాలి. కాబట్టి హెడ్మాస్టర్ గారి గదిలోని కంప్యూటర్ విండోస్‌లోనే ఉండనివ్వండి, దానికి లైసెన్సు కొందాం. ల్యాబ్‌లో పిల్లలు చేసే పనులకు ఈ అడ్డంకులు లేవు. తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్, స్క్రాచ్‌లో చిన్న ప్రోగ్రాములు, జియోజీబ్రాలో రేఖాగణితం అన్నీ నడుస్తాయి. నెట్ రాని రోజు కోసం కివిక్స్ అనేది ఒకటుంది, అది వికీపీడియాను డిస్కులోనే పెట్టేస్తుంది. తెలుగు వికీపీడియా మొత్తం నెట్ లేకుండా తెరుచుకుంటుంది. మన బడి గాలివానకు రెండ్రోజులు కరెంటు పోయే బడి, ఆ తర్వాత నాలుగు రోజులు నెట్ రాని బడి అని మీకు తెలుసు.

ఇక్కడ తెలుగు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఈ సంచికకు జరిగినదే.

రజతోత్సవ సంచికలో మన తెలుగు సారు ఒక వ్యాసం రాశారు. బడి ఎలా మొదలైంది, గది లేని మొదటి రెండేళ్లు ఎవరి వరండాలో తరగతులు నడిచాయి, బెంచీలకు కలప ఎవరిచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి. సారు ఇప్పుడు లేరు. ఆ వ్యాసాన్ని మళ్లీ వేయాలని సంపాదకవర్గం అనుకుంది. అప్పటి సీడీ ఒక మిత్రుడి బీరువాలో దొరికింది. సంతోషంగా తెచ్చారు. సీడీ చదివింది కూడా. ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కలిసిన గజిబిజి.

అక్కడ ఏమీ పాడవలేదు. ఆ రోజుల డీటీపీ ఫాంట్లు తెలుగును తెలుగుగా దాచేవి కావు. ఇంగ్లిష్ అక్షరానికి కేటాయించిన నంబరు మీద తెలుగు బొమ్మ అతికించేవి. 'క' తలకట్టుకు ఒక నంబరు, వత్తుకు ఒక నంబరు. ఏ ఫాంటుకు ఆ ఫాంటు తన సొంత లెక్క. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నంతకాలం పేజీ కనిపిస్తుంది, లేకపోతే తాళం వేసిన పెట్టె. చివరకు అచ్చు పుస్తకాలే దిక్కయ్యాయి. మూడు దొరికితే ఒకదానికి చెదలు. ఫైలును మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తెచ్చి, వత్తులు తారుమారైన చోటల్లా అచ్చుప్రతితో పోల్చి దిద్దారు మన ఇద్దరు చెల్లెళ్లు. సారు రాసిన మాట ఒక్కటీ పోలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే చోటుంది. 'క'కు ఒకే నంబరు, ఏ ఫోనులోనైనా ఏ దేశంలోనైనా అదే. అయితే ఆ చోటును నింపింది ఎక్కువగా జీతం లేని మనుషులు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే పద్మ అనే పనిముట్టు రాశారు, అప్పటి పత్రికల సైట్లలోని పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చేది అది. వీవెన్ గారు లేఖిని చేశారు, ఇంగ్లిష్ కీబోర్డు మీద కొడితే తెలుగు పడేలా. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు ఒక తెలుగు ఫాంటు చేసి అందరికీ ఉచితంగా వదిలారు, ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. దాని పేరు పోతన. మన పాలకుర్తి మండలం బమ్మెర పోతనే. భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్నాడని చెప్పుకునే కవి పేరు, అమ్మకానికి పెట్టని అక్షరాలకు. ఈ సంగతి మన జనగామలో చాలామందికి తెలియదు. ల్యాబ్‌లో తెలుగు నేర్పేటప్పుడు మొదటి పాఠం ఆ ఫాంటుతోనే కొట్టించాలని నా కోరిక.

ఈ స్వర్ణోత్సవ సంచికను యూనికోడ్‌లోనే కంపోజ్ చేయమని నేను సంపాదకులను విసిగించాను. పీడీఎఫ్‌తో పాటు రాతను ఓడీఎఫ్ అనే బహిరంగ ఫార్మాట్‌లో కూడా మూడు చోట్ల దాస్తున్నారు. దానికి 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. డెబ్బై అయిదో ఏడు పండుగ చేసేవాళ్లు తెరిచి, మీ పేరు కొట్టి వెతుక్కోవచ్చు.

డబ్బు విషయానికి వస్తాను. తొమ్మిది కంప్యూటర్లకు ఎస్‌ఎస్‌డీలు, అదనపు ర్యామ్, బ్యాటరీలు, ఒక పవర్ సప్లై, కీబోర్డులు, మౌస్‌లు కావాలి. ర్యామ్ ధరలు ఈ మధ్య బాగా ఎక్కాయి, అందుకని ఇక్కడ అంకె చెప్పను. రేపు పొద్దున రైలుకు సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో సీటీసీ నాలుగు షాపులు తిరిగి రాతపూర్వకంగా ధరలు తెస్తాను. ఎంత పెరిగినా పది కొత్తవాటి ఖర్చులో చిన్న వాటాకే అయిపోతుంది. కూలీ నేను తీసుకోను.

మిగిలిన డబ్బుతో చేయాల్సినవి కనిపించనివి, ఫొటోకు పనికిరానివి. ముందు ఎర్తింగ్. ల్యాబ్ వెనక గొయ్యి ఎండిపోయి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి కొత్త పైపు దింపాలి, ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు పోయాలి. పవర్ సప్లై కాలింది అందువల్లేనని నా అనుమానం. తర్వాత యూపీఎస్ బ్యాటరీలు. ఆ తర్వాత, అన్నిటికంటే ముఖ్యంగా, రెండేళ్లపాటు ఒక మనిషికి గౌరవ వేతనం. మన బడిలోనే చదివి డిగ్రీ చేసి ఊళ్లో ఉన్న అమ్మాయో అబ్బాయో దొరక్కపోరు. ల్యాబ్ తాళంచెవి ఆ మనిషి దగ్గర, ఒక టీచర్ దగ్గర ఉండాలి. కంప్యూటర్ల మీద దాతల పేర్లు రాస్తాం కదా, జీతం మీద ఎక్కడ రాయాలని ఒక పెద్దమనిషి అడిగారు. గోడ మీద రాద్దాం సార్, మీ పేరు అందరికంటే పైన.

ఆ పదో కంప్యూటర్‌ను, పాత మానిటర్లను పాత సామాన్లవాడికి వేయవద్దు. రాగి కోసం వైర్లు కాలుస్తారు, ఆ పొగ మన పిల్లలకే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. ఆ పని నేను చూస్తాను.

కమిటీ ఒప్పుకుంటే వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి ల్యాబ్ తెరుస్తాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు వస్తామని ఇప్పటికే పేర్లిచ్చారు, అందులో నలుగురు ఆడపిల్లలు. మొదటి కంప్యూటర్ నేను విప్పుతాను, మిగతా ఎనిమిదీ వాళ్లే విప్పుతారు. స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి. బ్రష్షులు కావాలి, ముఖానికి కట్టుకోవడానికి రుమాళ్లు తెచ్చుకోండి, దుమ్ము బాగా ఉంది.